నత్తి అంటగట్టిన ప్రయోగం

నేను చేసే స్పీచ్ థెరపీ చరిత్రలో 1939 నాటి ఒక ప్రయోగం ఉంది. అమెరికాలో అయోవా రాష్ట్రం, డావెన్‌పోర్ట్ అనాథాశ్రమం. అక్కడ 22 మంది పిల్లలను ఎంచుకున్నారు. పదిమందికి అప్పటికే నత్తి. మిగతా 12 మంది మామూలుగా మాట్లాడేవాళ్లే. ఈ పన్నెండుమందిలో ఆరుగురికి మేరీ ట్యూడర్ అనే విద్యార్థిని పనిగట్టుకుని అబద్ధం చెప్పింది: మీకు నత్తి మొదలవుతోంది, తడబడకుండా చెప్పగలిగితేనే నోరు తెరవండి అని. ఆశ్రమం సిబ్బందికీ అదే నమ్మబలికి, పిల్లలను సరిదిద్దుతూ ఉండమంది.

చేయించినవాడు వెండెల్ జాన్సన్. ఈ శాస్త్రానికి పునాది వేసినవాళ్లలో ఒకడు, తనకూ నత్తి ఉంది. నత్తి పుట్టేది పిల్లల నోట్లో కాదు, దాన్ని జబ్బుగా ఎంచే తల్లిదండ్రుల చెవిలో అని ఆయన వాదం.

ఆ ఆరుగురికీ నత్తి రాలేదు. మాటే తగ్గిపోయింది. నెల కిందట గలగలా మాట్లాడిన ఐదేళ్ల పాప చేత నోరు విప్పించడమే కష్టమైందని ట్యూడర్ రాసుకుంది. తర్వాత మళ్లీ వెళ్లి సర్దిచెప్పాలని చూసింది, పెద్దగా ఫలించలేదు. ఈ ప్రయోగం మీద ట్యూడర్ రాసిన సిద్ధాంత వ్యాసాన్ని జాన్సన్ ఏ పత్రికలోనూ అచ్చువేయించలేదు. 2001లో ఒక దినపత్రిక బయటపెట్టాకే, వాళ్లిద్దరూ పనిచేసిన అయోవా విశ్వవిద్యాలయం క్షమాపణ చెప్పింది. 2007లో రాష్ట్రం 9,25,000 డాలర్ల పరిహారం ఇచ్చింది.

ఆ రోజుల్లో నియమాలు లేవుగా అంటారు. మనుషుల మీద ప్రయోగాలకు హద్దులు పెట్టిన న్యూరెంబర్గ్ నియమావళి 1947లో వచ్చింది, నిజమే. మరి అమ్మానాన్నలు పక్కనున్న పిల్లల మీద ఎందుకు చేయలేదు? సూది లేదు, కరెంటు షాకు లేదు. వాడింది మాటలే కాబట్టి దాన్ని గాయంగా ఎవరూ లెక్కేయలేదు.

జాన్సన్ వాదం ఇప్పుడు నిలవదు. నత్తికి మెదడు పనితీరు, వంశపారంపర్యం కారణాలని తేలింది. 2010లో జీఎన్‌పీటీఏబీ అనే జన్యువులో మార్పులకు నత్తితో సంబంధం కనిపించింది. కానీ ఆ వాదం వల్ల ఎన్నో ఏళ్లు తల్లులు నిందలు పడ్డారు. తిరుపతిలో మా దగ్గరికి వచ్చే అత్తగార్లు జాన్సన్ పేరైనా వినలేదు, అయినా "ఇది ఊరికే అరిచి బిడ్డను బెదరగొట్టింది మేడమ్" అని కోడలి వైపు చెయ్యి చూపిస్తారు. కొండకు మొక్కుకుని, వసకొమ్ము అరగదీసి నాలుకకు రాసి, అప్పుడు వస్తారు. "నిదానంగా చెప్పు నాయనా, మళ్లీ చెప్పు" అని ప్రేమగానే సరిదిద్దుతుంటారు. వాడు నేలచూపులు చూస్తాడు.

చిన్న వయసులో మొదలైన నత్తి చాలామందిలో తనంతట తానే పోతుంది. అందుకే నాలుగేళ్ల బిడ్డ ముందు నేను ఆ పేరు ఎత్తను. వాణ్ని బొమ్మల దగ్గర కూర్చోబెట్టి, అమ్మనూ అత్తగారినీ పక్క గదిలోకి పిలిచి మాట్లాడతాను. ముందుగా చెప్పేది, ఇది ఎవరి తప్పూ కాదని.