బ్రహ్మ సరదాకి చెప్పిన కథ

కాలాన్ని చిక్కుముడి వేసే అద్భుత కథ ఏది కనబడినా మన సమీక్షకులకు ముందుగా గుర్తొచ్చేది అర్జెంటీనా రచయిత బోర్హెస్. చీలిపోయే దారుల గురించి ఆయన రాసిన కథ 1941 నాటిది. తెలుగులో అలాంటి సాహసం పదహారో శతాబ్దంలోనే, అదీ పద్యాల్లో జరిగింది. నంద్యాల కృష్ణరాజుకు అంకితమైన పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’ గురించే ఈ మాట.

అంతకుముందే సూరన ‘రాఘవపాండవీయం’ రాశాడు. అందులో ఒకే పద్యం ఒక విరుపుతో రామాయణం, మరో విరుపుతో భారతం. కళాపూర్ణోదయంలో ఆ విరుపును మాటల నుంచి కథలోకి మార్చాడు.

ద్వారకలో కలభాషిణి, ఆకాశాన విమానంలో రంభా నలకూబరులు, నారదుడి వెంట శిష్యుడు మణికంధరుడు. ఎవరి కథ ఎటు పోతుందో మొదట్లో అంతుపట్టదు. ఒకచోట ఇద్దరు రంభలు ఎదురుపడి, అసలు రంభను నేనంటే నేనని పోట్లాడుకుంటారు! వీటన్నిటికీ మూలం చాలా దూరం చదివాక గాని బయటపడదు. ఒకప్పుడు సరస్వతితో ప్రణయకలహం వేళ, తమ మధ్య జరిగినదానికే మారుపేర్లు పెట్టి బ్రహ్మ ఓ కథ అల్లాడు. సరదాకి అల్లినదే. కానీ చెప్పినవాడు బ్రహ్మ; ఆయన నోట వచ్చింది జరగక తప్పదు. పాత్రలు భూమ్మీద పుట్టేశాయి. మనం చదువుతున్నది ఆ కథ నిజమవుతున్న వైనం.

ఇంత చేస్తే తర్వాతివాళ్లు పట్టుకున్నది మాత్రం మాటల విరుపునే. ఎలకూచి బాలసరస్వతి ఇంకో మెట్టెక్కి మూడర్థాల ‘రాఘవయాదవపాండవీయం’ రాశాడు. కథను తిరగేసి చెప్పే విద్య అలాగే ఉండిపోయింది.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కట్టమంచి రామలింగారెడ్డి ‘కవిత్వతత్త్వ విచారము’లో వర్ణనల సొగసు పక్కనబెట్టి కథ కట్టుబడిని, కల్పనాశక్తిని కొలమానం చేశారు. ఆ తూకంలో ప్రబంధకవులు చాలామంది తేలిపోయారు, సూరన నిలిచాడు. 2002లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ కళాపూర్ణోదయాన్ని ఇంగ్లీషులోకి అనువదించి, నవలగా చదవాలన్నారు. తొలి తెలుగు నవల 1872 నాటి ‘శ్రీరంగరాజ చరిత్రమా’, 1878 నాటి ‘రాజశేఖర చరిత్రమా’ అన్న పాత పేచీలోకి మూడో హక్కుదారు వచ్చినట్టయింది.

నాకైతే ఆ పేచీలో సూరనను నిలబెట్టడం ఇష్టం లేదు. ఆ రెండు నవలలూ లోకాన్ని చూసి కథ చెప్పాయి. సూరన దగ్గర కథ ముందు పుట్టింది, లోకం దాని వెనకాల నడిచింది.