కాలిన నాలుకకు రుచి ఎలా తిరిగొస్తుంది?

పొయ్యి మీద తెర్లుతున్న చేపల పులుసు ఉప్పు చూడబోయి నాలుక కాల్చుకోవడం నెల్లూరు ఇళ్లలో మామూలే. రెండు మూడు రోజులు చింతపండు పులుపు కూడా నాలుక కొసకు సరిగా అందదు. తేలికపాటి కాలుడైతే వారం, రెండు వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది.

అద్దంలో నాలుక మీద కనిపించే బుడిపెలు రుచి మొగ్గలు కావు. రుచిని పసిగట్టే కణాల గుత్తులే రుచి మొగ్గలు. కొన్ని రకాల బుడిపెల్లో ఈ మొగ్గలు దాగి ఉంటాయి. ఒక్కో మొగ్గలో 50 నుంచి 100 కణాలు. వాటి ఆయుష్షు చాలా తక్కువ: సగటున 10 రోజులని 1965లోనే ఎలుకల మీద తేల్చారు. అన్నీ ఒకే వేగంతో పోవు. చిట్టెలుకల్లో తీపి, చేదు పసిగట్టే కణాల్లో సగం 8 రోజుల్లో రాలిపోతే, పులుపు పట్టే కణాల్లో సగం పోవడానికి 22 రోజులు పడుతుంది.

పనిలో ఉన్న రుచి కణం తనలాంటి మరో కణాన్ని పుట్టించలేదు. ఆ పని మొగ్గ బయట, చర్మపు అడుగు పొరలో ఉండే మూలకణాలది. అవి విభజన చెందినప్పుడు పుట్టిన కణాల్లో కొన్ని మూలకణాలుగానే మిగులుతాయి, కొన్ని మామూలు చర్మ కణాలవుతాయి, మరికొన్ని మొగ్గలోకి చేరి రుచి కణాలుగా మారతాయి. చిట్టెలుక నాలుక వెనక భాగంలో ఈ మూలకణాలను, వాటి మీదుండే ఎల్‌జీఆర్5 అనే ప్రోటీన్ గుర్తుతో పట్టుకున్నారు. అలాంటి ఒక్క కణాన్ని గాజు పళ్లెంలో పెంచితే, రుచి కణాలున్న చిన్న ముద్ద తయారైందని 2014లో చూపించారు. పులుసు వేడికి పైకణాలు చచ్చినా అడుగు పొర బతికుంటే చాలు, మొగ్గ మళ్లీ నిండుతుంది.

దీనికి రుచి కబురును మెదడుకు మోసే నాడి (నరం) తోడు తప్పనిసరి. రుచి నాడి తెగితే మొగ్గలు కుంచించుకుపోతాయి, నాడి తిరిగి అల్లుకుంటే మళ్లీ వస్తాయి. నాలుక ముందు భాగపు రుచి నాడి మధ్య చెవి గుండా వెళుతుంది. అందుకే చెవి ఆపరేషన్ తర్వాత కొందరికి నాలుక ఒక పక్కనే చప్పబడుతుంది.

గొంతు, నోటి క్యాన్సర్లకు రేడియేషన్ ఇచ్చినప్పుడు జరిగేది వేరు. కిరణాల దెబ్బ ముఖ్యంగా విభజన చెందే కణాలకు తగులుతుంది. ఉన్న రుచి కణాలు తమ ఆయుష్షు తీరేదాకా పనిచేస్తాయి కాబట్టి మొదటి రోజుల్లో పెద్దగా తేడా తెలియదు. తర్వాతి వారాల్లో రుచి తగ్గిపోతుంది, కోలుకోవడానికి నెలలు పడుతుంది. రోగికీ ఇంట్లోవాళ్లకీ ఈ సంగతి ముందే చెప్పి ఉంచడం చాలా అవసరం. రుచి తెలియడం లేదని కూరలో కారం పెంచకండి. కారం రుచి మొగ్గల పని కాదు, నొప్పిని మోసే నాడులది. పుండ్లు పడిన నోటికి మంట మిగులుతుంది తప్ప రుచి రాదు.

జలుబులో అన్నం చప్పగా ఉంటే ముక్కు మూసుకుని నాలుక మీద చిటికెడు ఉప్పు, నోరు పుక్కిలించాక చిటికెడు పంచదార వేసి చూడండి. రెండూ తెలిస్తే లోపం చాలావరకు వాసనదే. తెలియకపోయినా, ఒక పక్కనే తెలుస్తున్నా, కాలిన చోట రెండు మూడు వారాలకూ రుచి రాకపోయినా చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించాలి.