ఇలొకానో ఈజీ, ఉజ్బెక్ కష్టం అంట కదా మేడమ్? (అపోహలు - వాస్తవాలు)

అడ్మిషన్ల సీజన్ వచ్చిందంటే ఇదే ప్రశ్న. "ఫిలిప్పీన్స్ అయితే ఏబీసీడీలే కాబట్టి పిల్లోడికి ఈజీ అంట, ఉజ్బెకిస్తాన్ అయితే ఆ రష్యన్ అక్షరాలతో చచ్చిపోతాడంట." ఎవరన్నారండీ అంటే వాట్సాప్ గ్రూపులో ఎవరో. బయటి దేశాల్లో ఎంబీబీఎస్‌కి వెళ్ళే మన పిల్లలకి అక్కడి పేషెంట్‌తో నాలుగు ముక్కలు మాట్లాడేంత లోకల్ భాష నేర్పడం నా పని, ఉజ్బెకిస్తాన్‌లో మాట్లాడే ఉజ్బెక్, ఉత్తర ఫిలిప్పీన్స్‌లో మాట్లాడే ఇలొకానో రెండు బ్యాచ్‌లూ చూస్తాను కాబట్టి ఈ ఒక్క పుకారు ఎంత నష్టం చేస్తుందో నాకు తెలుసు.

అపోహ: ఇంగ్లీష్ అక్షరాల్లో ఉంటే భాష ఈజీ.

అక్షరాలు కొన్ని రోజుల పనండీ, అంతే. అసలు ఉజ్బెక్ కూడా 1993లో చట్టం చేసి లాటిన్ లిపికి, అంటే ఇంగ్లీష్ అక్షరాలకి మారింది, పాత సిరిలిక్ (ఆ రష్యన్ అక్షరాలే) ఇంకా బోర్డుల మీద, పెద్దవాళ్ళ చేతిరాతలో ఉంటుంది కాబట్టి రెండూ చదవడం రావాలి, నిజమే, కానీ అది భయపడేంత విషయం కాదు. ఇటు ఇలొకానో మొదటి నుంచీ రోమన్‌లోనే ఉందా అంటే అదీ లేదు. 1621లో అచ్చయిన ఇలొకానో క్రైస్తవ పుస్తకం అక్కడి పాత లిపిలో ఉంది, అది మన తెలుగు లిపి లాగే బ్రాహ్మి సంతానం. హల్లు మీద అచ్చు పోయిందని చూపించడానికి ఆ పుస్తకం వేసిన లోపెజ్ అనే ఫాదర్ చిన్న శిలువ గుర్తు పెట్టాడు, మన పొల్లు చేసే పనే. సరే, పక్కదారి పట్టాను.

అసలు సంగతి వాక్యంలో ఉంది. ఉజ్బెక్‌లో "ఉయ్‌గా బారామన్" అంటే ఇంటికి వెళ్తాను. ఉయ్ ఇల్లు, గా అంటే కి, బార్ వెళ్ళు, చివర మన్ మన "వెళ్తాను"లో ను లాంటిది. వరస కూడా మనదే. "మెంగా సువ్ కెరాక్", నాకు నీళ్ళు కావాలి, ఇంగ్లీష్‌లో లాగా "నేను కోరుతున్నాను" అనే గోల లేదు. "కెలామన్ దెబ్ ఐత్ది", వస్తాను అని చెప్పాడు, ఆ దెబ్ కూడా మన "అని" లాగే "అను" అనే క్రియలోంచి వచ్చిందే. "యాజిబ్ ఆల్దిమ్" అంటే రాసుకున్నాను. ఇవి చెప్తే మా పిల్లలు ఇంగ్లీష్ వైపు వెళ్ళకుండా తెలుగులో ఆలోచించి నేరుగా అనేస్తారు. హిందీ కూడా సరిగా రాదు మేడమ్ మావాడికి అని ఒక నాన్నగారు గుంటూరు నుంచి దాదాపు ఏడుస్తూ మాట్లాడారు, ఆ అబ్బాయి కొన్ని వారాల్లోనే "బాషిమ్ ఆగ్రియాప్తి", తల నొప్పిగా ఉంది, దగ్గర నుంచి పొట్ట, ఛాతీ, నడుము అన్నీ తనే మార్చుకుని చెప్పేస్తున్నాడు.

ఇప్పుడు ఇలొకానోకి రండి. "నసకిత్ తి ఉలోక్", అదే తలనొప్పి, కానీ నొప్పి ముందు, తల తర్వాత, "నా" అనేది తల చివర ఒక క్ అయి కూర్చుంది. వాక్యం మొదట్లోనే క్రియ ఉంటుంది. ఇది అలవాటవుతుంది, అసలు తిప్పలు క్రియతో.

రెండు భాషల్లోనూ మాటకి ముక్కలు అతికించడమే కదా, ఒకటి వస్తే రెండోదీ వచ్చేస్తుంది అని కొంచెం చదువుకున్నవాళ్ళు అంటారు, అదింకా ప్రమాదం. మందు తాగడమే తీసుకోండి. ఉజ్బెక్‌లో "దారి ఇచింగ్" అంటే మందు తాగండి, "దారిని ఇచింగ్" అంటే ఆ మందుని తాగండి. మన ని, వాళ్ళ ని ఒకలాగే ఉన్నాయి, ఉత్త యాదృచ్ఛికం. అంటే ఏ మందో తెలిసినప్పుడు నామవాచకం తోక మారింది, క్రియ కదల్లేదు. ఇలొకానోలో ధాతువు ఇనుమ్ (నవ్వకండి, తాగడం అనే అర్థం). ఏదో ఒకటి తాగడం అయితే "ఉమినుమ్", ఫలానాది తాగడం అయితే "ఇనుమెన్", జరిగిపోయిందంటే మొదటిది "ఇమ్మినుమ్", రెండోది "ఇనినుమ్". ముక్క ముందు తగులుతుంది, వెనక తగులుతుంది, మధ్యలో కూడా దూరుతుంది. జరుగుతూ ఉంది అనాలంటే మాటలో కొంత రెండోసారి పలకాలి, అగ్‌బసా చదవడం, అగ్‌బస్‌బసా చదువుతూ ఉండటం. వాక్యంలో ఎవరి మీద దృష్టి ఉందో దాన్నిబట్టి క్రియే రూపం మార్చుకుంటుంది, తెలుగులో ఇలాంటిది లేదు, అందుకే పట్టిక బట్టీ పడితే రాదు, పూర్తి వాక్యాలుగా చెవిన పడాలి. పేషెంట్‌కి మందు చేతికిస్తూ "ఇనుమెన్యో దయ్‌తోయ్ ఙ అగస్", మీరు ఈ మందు తాగండి, ఇలా మొత్తం వాక్యం. ఈజీ అనుకుని వెళ్ళి క్లినికల్స్‌లో వార్డులోకి అడుగుపెట్టాక ఫోన్ చేసేవాళ్ళే ఎక్కువ నా దగ్గర. ఉత్తర ఫిలిప్పీన్స్‌లోని బాగియో ఊరి నుంచి ఒకమ్మాయి, యాప్‌లో టగలాగ్ (మనీలా వైపు భాష) నేర్చుకుని వెళ్ళింది పాపం, కొండ ఊళ్ళ నుంచి వచ్చే ముసలమ్మలు తను అడిగింది అర్థం చేసుకుని జవాబు మాత్రం ఇలొకానోలో చెప్తున్నారు, ఒక్క ముక్క అందట్లేదు. తెలివైన పిల్ల, తప్పు తనది కాదు, ముందు చెప్పినవాళ్ళది.

మిగతా అపోహలు గబగబా.

ఇలొకానో టగలాగ్‌కి యాస కాదు, వేరే భాష, లూజాన్ దీవి ఉత్తర భాగంలో వేరే భాషలవాళ్ళని కూడా కలిపే భాష, అక్కడి లా యూనియన్ ప్రావిన్స్ 2012లో అధికార భాషగా కూడా గుర్తించింది. దక్షిణాన ఉన్న దావావో వెళ్తుంటే మాత్రం దీన్ని వదిలేయండి, అక్కడ సెబువానో కావాలి.

ఉజ్బెక్ రష్యన్ కాదు, తుర్కిక్ కుటుంబం (టర్కీ భాష కూడా అందులోదే), 1989 నుంచి రాజభాష. తాష్కెంట్‌లో రష్యన్‌తో చాలావరకు గడుస్తుంది. సమర్‌కంద్, బుఖారా అయితే తాజిక్ కూడా వినపడుతుంది, కంగారు పడొద్దు, వాళ్ళకి ఉజ్బెక్ వస్తుంది.

తెలుగు, ఉజ్బెక్ అక్కాచెల్లెళ్ళు అని వీడియోలు పెట్టేవాళ్ళకో దండం. 1856లో కాల్డ్వెల్ అనే భాషా పండితుడు ద్రావిడ భాషల్ని మధ్య ఆసియా వైపు కలపాలని చూశాడు, ఇప్పుడు దాన్ని ఎవరూ ఒప్పుకోరు. జవాబ్, బాజార్, దర్వాజా అక్కడా వినపడితే చుట్టరికం కాదు, పారసీ మీదుగా మాటలు అటూ ఇటూ వచ్చాయి అంతే.

ఇలొకానో వాళ్ళు దిగులు పడకండి, మీకూ ఒకటుంది. మేము అంటే "దకమి", మనం అంటే "దతయో", రెండూ వేరువేరు, ఇంగ్లీష్ వాళ్ళు దీని దగ్గర తన్నుకులాడతారు, మనకి చెప్పే పనే లేదు. ఉజ్బెక్‌లో రెంటికీ "బిజ్" ఒక్కటే, అక్కడ మాత్రం మనవాళ్ళు కాస్త వెతుక్కుంటారు.