నల్లమలలో నడక: పులి కంటే ముందు భయపడాల్సినవి (అపోహలు - వాస్తవాలు)

నల్లమలలో జనాన్ని నడిపించుకెళ్లడం నా పని. కొత్తగా వచ్చేవాళ్లలో దాదాపు అందరూ మొదట అడిగేది ఒకటే: "అన్నా, పులి వస్తుందా?" ఆ నెలలో ఆ దారి తెరిచి ఉంటుందా, నీళ్లు ఎక్కడ దొరుకుతాయి, ఎండ ఎలా ఉంటుంది అని అడిగేవాళ్లు చాలా తక్కువ. తరచుగా వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: నల్లమలలో అసలు ప్రమాదం పులి.

పులులు ఉన్న మాట నిజమే. 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చిన అడవి ఇది. రాష్ట్రం విడిపోయాక కృష్ణకు దక్షిణాన నాగార్జునసాగర్ - శ్రీశైలం టైగర్ రిజర్వ్, ఉత్తరాన ఆమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అయ్యాయి. కానీ పులి మన అలికిడి వినగానే తప్పుకుంటుంది. మనం చూసేది మహా అయితే ఇసుకలో దాని అడుగుజాడ.

ఈ అడవిలోనే ఉండే గిరిజనులు చెంచులు ఎక్కువ జాగ్రత్త పడేది ఎలుగుబంటితో. పుట్ట తవ్వుకుంటూనో, రాలిన ఇప్పపువ్వు తింటూనో ఉంటే దానికి వేరే ధ్యాస ఉండదు. మనం దగ్గరికి వచ్చేదాకా గమనించదు, గమనించాక బెదిరి మీదికొస్తుంది. అందుకే తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ పొదల మధ్య నడవనివ్వం. మలుపుల దగ్గర మామూలు గొంతుతో మాట్లాడుకుంటూ వెళ్లమంటాం. మనుషులు వస్తున్నారని దానికి ముందే తెలిస్తే చాలు.

కొండ అంచుల కింద మాత్రం మాటలు ఆపేయాలి. అక్కడ పెద్ద తేనెటీగల పట్లు ఉంటాయి. పెర్ఫ్యూమ్, పొగ, రాళ్లు విసరడం, డ్రోన్ ఎగరేయడం, వీటిలో ఏ ఒక్కటి చాలు అవి లేవడానికి. లేస్తే దులుపుకుంటూ నిలబడొద్దు. ముఖం కప్పుకుని అక్కడి నుంచి పరుగెత్తండి. నీళ్లలో దూకితే పోతాయనుకోవద్దు, తల పైకెత్తేదాకా అక్కడే తిరుగుతుంటాయి. ఆ పట్ల కోసం చెంచులు తాడు కట్టుకుని కొండ అంచు నుంచి దిగుతారు. పైన తాడు పట్టుకునేది బావమరిది. అక్క పసుపు కుంకుమలు అతని చేతిలో ఉన్నట్టే కదా, అంతకంటే నమ్మకస్తుడు ఎవరుంటారు?

అపోహ: జలపాతాలు చూడాలంటే వర్షాకాలంలోనే వెళ్లాలి.

ఈ మాట నమ్మి వచ్చేవాళ్లతోనే మాకు ఎక్కువ టెన్షన్. మొదటి సంగతి, జూలై నుంచి సెప్టెంబరు దాకా టైగర్ రిజర్వుల్లో సఫారీలు, చాలా దారులు మూసేస్తారు. రెండోది, ఇక్కడి వాగులు ఇరుకు లోయల్లో పారతాయి. మన నెత్తిన చినుకు పడకపోయినా ఎగువన కొండ మీద గంటసేపు వాన కురిస్తే చాలు, మోకాలి లోతు వాగు నడుము దాటిపోతుంది. నీళ్లు ఉన్నట్టుండి ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, పైనుంచి హోరు పెరిగినా సెల్ఫీ వదిలేసి వెంటనే గట్టెక్కాలి. అప్పటికే వాగుకు అవతల ఉండిపోయారా? అక్కడే ఎత్తు మీద కూర్చోండి. అలాంటి వాగులు సాధారణంగా కొన్ని గంటల్లో తగ్గుతాయి. చేతులు పట్టుకుని గొలుసులా దాటేద్దాం అనే మాట ఎవరు అన్నా వినకండి.

మూడోది చాలామందికి తెలియదు. నల్లమలలో అన్ని ధారలూ వాన మీదే ఆధారపడవు. రాతి పగుళ్లలో ఇంకిన నీరు నెలల తరబడి ఊరుతూ ఉంటుంది. లోయ అడుగున లింగమయ్య వెలసిన సలేశ్వరం సంగతే చూడండి. అక్కడ జాతర చైత్ర పౌర్ణమికి, అంటే మండుటెండల్లో. చుట్టూ అడవి ఆకు రాల్చి ఉంటుంది, లోయ అడుగున మాత్రం చల్లటి ధార పడుతూనే ఉంటుంది. "వత్తన్నం వత్తన్నం లింగమయ్యో" అంటూ దిగేవాళ్లు, "పోతన్నం పోతన్నం లింగమయ్యో" అంటూ ఎక్కేవాళ్లు ఒకే సన్నటి దారిలో ఎదురుపడతారు. తోపులాట లేకుండా సాగాలంటే కొండ వైపున్నవాళ్లు ఆగి, లోయ అంచున ఉన్నవాళ్లను ముందు కదలనివ్వాలి.

ధార కింద గుండంలో ఈత విషయం. పైకి నిశ్చలంగా కనిపించే గుండం అడుగున రాయి ఎలా ఉందో ఎవరూ చెప్పలేరు. ఎండలో నడిచొచ్చి ఒక్కసారిగా చల్లటి నీళ్లలో దూకితే ఈత వచ్చినవాళ్లకు కూడా ఊపిరి అందదు. మల్లెల తీర్థం జలపాతమైనా సరే, ఇంకోటైనా సరే, నేనైతే ఒడ్డున స్నానం వరకే ఒప్పుకుంటాను.

అపోహ: భక్తులు నడిచే దారే కదా, ఎప్పుడైనా వెళ్లొచ్చు.

వెళ్లకూడదు. అభయారణ్యంలోకి అనుమతి లేకుండా అడుగుపెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. సలేశ్వరం దారి జాతర జరిగే కొద్ది రోజులే తెరుస్తారు. లొద్ది మల్లయ్య గుహకు తొలి ఏకాదశికి వెళ్లనిస్తారు. ఆత్మకూరు వైపు వెంకటాపురం నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా కైలాసద్వారం చేరే పాత శ్రీశైలం బాటలో శివరాత్రికి, ఉగాదికి జనం నడుస్తారు. మిగతా రోజుల్లో అది జంతువుల దారి. రోడ్డు మీద కూడా రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా శ్రీశైలం వెళ్లే వాహనాలను అడవి చెక్‌పోస్టుల దగ్గర ఆపేస్తారు. "ఒక్క గంటే సార్" అని బతిమాలి ప్రయోజనం లేదు.

ఏడాదంతా అడవి దారిలో నడవాలనుకుంటే ఎగువ అహోబిలం ఉంది. జ్వాలా నరసింహుడి దగ్గరికి భవనాశిని వాగు పక్కనుంచి వెళ్లే దారి, కొత్తవాళ్లకు నేను ముందు చెప్పేది అదే. నరసింహుడు వెలువడిన స్తంభమని చెప్పే కొండ కొమ్ము, ఉక్కు స్తంభం, మాత్రం కొత్తవాళ్లకు కాదు.

అపోహ: పాత శ్రీశైలం బాటలోని రాతి మెట్లు ఎవరు కట్టారో ఎవరికీ తెలియదు.

నాగలూటి బాటలో రాతి మెట్లు చూసి దేవతలు ఒక్క రాత్రిలో కట్టారని చెప్పేవాళ్లు దారి పొడవునా కనిపిస్తారు. చరిత్రలో ఉన్నది ఇది: 14వ శతాబ్దంలో అద్దంకి రాజధానిగా ఏలిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడు. ఎక్కేటప్పుడు మెట్టు అంచులు గమనించండి. కొన్నిచోట్ల నడిచి నడిచి నున్నగా అరిగిపోయాయి. బస్సు నేరుగా గుడి దాకా వెళ్తున్నా ఉగాదికి కన్నడ భక్తులు ఇంకా ఈ బాటనే వస్తారు. భ్రమరాంబ వాళ్లకు ఇంటి ఆడపడుచు, చీర తెచ్చి పెడతారు. చెంచులకేమో శ్రీశైలం మల్లయ్య ఇంటి అల్లుడు. ఈ వరసలు తెలిస్తే దారిలో ఎదురైన మనిషితో మాట కలపడం తేలిక.

అపోహ: ఊట నీళ్లలో మూలికల సారం ఉంటుంది, నేరుగా తాగొచ్చు.

రాతిలోంచి ఊరే చోట మంచివే కావచ్చు. జాతర నాడు ఎగువన వందల మంది స్నానం చేసి, సబ్బు పెట్టి, సీసాలు పారేశాక అవే నీళ్లు దిగువకు వస్తాయి. జంతువుల మలమూత్రాల సంగతి సరేసరి. ఏప్రిల్‌లో మనిషికి కనీసం మూడు నాలుగు లీటర్లు మోసుకురావాలి, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు వేరే. వట్టి నీళ్లే తాగుతూ పోతే చెమటతో పోయిన ఉప్పు తిరిగి రాదు, పిక్కలు పట్టేస్తాయి. ఎవరికైనా చెమట ఆగిపోయి, ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతుంటే అది వడదెబ్బ. నీడకు చేర్చి ఒళ్లంతా తడిపి విసరండి, ఆ వెంటనే ఆసుపత్రికి చేర్చండి.

అపోహ: మంచి షూస్, గూగుల్ మ్యాప్ ఉంటే గైడ్ అక్కర్లేదు.

నాచు పట్టిన తడి రాతి మీద ఎంత ఖరీదైన షూ అయినా జారుతుంది, అడుగు చూసుకుని వెయ్యాల్సిందే. లోయలో సిగ్నల్ ఉండదు, జీపీఎస్ చుక్క పక్క గట్టు మీద చూపిస్తుంది. పశువుల బాటలు, జంతువుల బాటలు కాలిబాట లాగే ఉంటాయి. అటవీ శాఖ తరఫున కాపలా కాసే చెంచు వాచర్ వెంట ఉంటే ఆయన చెప్పిందే మ్యాప్.

అపోహ: పాత గుళ్ల కింద, అడవిలోని ప్రతాపరుద్రుడి కోటలో నిధులున్నాయి.

ఈ మాట వల్ల జరిగిన నష్టం వానలూ చెట్ల వేళ్లూ కలిసి చేసిన దానికంటే ఎక్కువ. లింగం కింద తవ్విన గుంటలు, పగలగొట్టిన నందులు అడవి గుళ్లలో ఎన్నో చూస్తాం. 1878 నిధి నిక్షేపాల చట్టం ప్రకారం నేలలో పది రూపాయలు మించిన విలువైనది దొరికినా కలెక్టర్‌కు చెప్పి తీరాలి. తవ్వుకుని దాచుకునే హక్కు ఎవరికీ లేదు. కొత్తగా తవ్విన గుంట కనిపిస్తే ఫొటో తీసి ఫారెస్ట్ బీట్ ఆఫీసర్‌కు పంపండి. ఇన్‌స్టాగ్రామ్‌లో లొకేషన్‌తో సహా పెడితే మీ తర్వాత అక్కడికి వచ్చేది పారలు పట్టుకున్నవాళ్లే.