'అన్ని ప్రముఖ పుస్తక కేంద్రాల్లో లభించును': కొత్త పుస్తకాల చుట్టూ కొన్ని అపోహలు

తెలుగు పుస్తకం రెండో పేజీలో, వెల దగ్గర, 'ప్రతులకు' అని ఒక మాట ఉంటుంది. దాని కింద రచయిత ఇంటి చిరునామా, ఆ తర్వాత 'మరియు అన్ని ప్రముఖ పుస్తక కేంద్రాల్లో లభించును' అన్న వాక్యం. పన్నెండేళ్లుగా కొత్త పుస్తకాల మీద సమీక్షలు రాస్తున్నాను. ఏడేళ్లుగా హైదరాబాదులో ఒక చిన్న ప్రచురణ సంస్థ నడుపుతున్నాను. మా మొదటి నాలుగు పుస్తకాల్లో ఆ వాక్యం నేనే వేయించాను. అప్పటికి మా పుస్తకాలు దొరికే దుకాణాలు మూడు. ఈ రంగంలో వినిపించే అపోహలు చాలావరకు ఆ వాక్యం లాంటివే. ఎవరూ కావాలని అబద్ధం చెప్పరు, అలవాటుగా అచ్చువేస్తారు.

అపోహ: తెలుగులో చదివేవారు లేరు.

డిసెంబరు సాయంత్రం ఇందిరాపార్కు పక్కన ఎన్టీఆర్ స్టేడియంలో పుస్తక ప్రదర్శన జరుగుతున్నప్పుడు ఒక స్టాలు వెనక రెండు గంటలు నిలబడి చూడండి. జనవరి మొదటి రోజుల్లో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్లండి. ఇరవై ఏళ్ల పిల్లలు ఫోనులో ముఖచిత్రం చూపించి "ఇది ఉందా అండీ?" అని అడుగుతారు. రచయిత పేరు తెలియదు, ప్రచురణకర్త ఎవరో తెలియదు, కానీ పుస్తకం కావాలి.

వాస్తవంలో తెగిపోయింది దారి. ఒకప్పుడు పాఠకుడికి కొత్త రచయితను పరిచయం చేసింది వారపత్రిక సీరియల్. ఇరవై వారాలు చదివి, నచ్చాక, నవలగా రాగానే కొనేవారు. పుస్తకానికి ప్రకటన అవసరమే లేదు, ప్రచారం ముందే అయిపోయేది. 1978లో మొదలైన 'విపుల', 'చతుర' మాసపత్రికలు 2021లో ఆగిపోయాయి. కొన్ని వారపత్రికలు కరోనా కాలంలోనే మూతపడ్డాయి. నెలకొక పూర్తి నవల ఇంటికి తెచ్చిన 'చతుర' లేని ఇంట్లో కొత్త నవలాకారుడి పేరు ఎలా వినబడుతుంది? చదివేవారు లేరని అనడానికి ముందు వారికి చెప్పేవారు ఎవరున్నారని చూసుకోవాలి.

అపోహ: పత్రికలో సమీక్ష వస్తే ప్రతులు అయిపోతాయి.

ఒకసారి అయిపోయాయి. అయిపోయి మమ్మల్ని ముంచాయి. సమీక్షకు రెండు ప్రతులు పంపడం పాత ఆచారం. అలాగే పంపి, ఎనిమిది నెలలు ఎదురుచూసి ఆశ వదిలేసిన ఒక కథల సంపుటి మీద ఒక దినపత్రికలో అరపేజీ సమీక్ష వచ్చింది. ఆ ఆదివారం మధ్యాహ్నానికి 43 ఫోన్లు వచ్చాయి. మా ఇంట్లో ఉన్నవి 6 ప్రతులు. పంపిణీదారు గోదాములో 110 ఉన్నట్టు కాగితం మీద ఉంది. అడిగితే, కట్టలు విప్పితే గాని తెలియదన్నారు. విప్పడానికి పది రోజులు పట్టింది. అవి వేరే పుస్తకం కట్టలు. మళ్లీ అచ్చువేయించి తెచ్చేసరికి నెలన్నర దాటింది. ఫోను చేసిన 43 మందికీ తిరిగి ఫోను చేశాను. కొన్నది నలుగురు. ఒకాయన "ఏ పుస్తకం అండీ?" అని అడిగారు.

సమీక్షకు పుస్తకాన్ని అమ్మే శక్తి ఉంది, కానీ దాని ఆయుష్షు వారం. ఆ వారంలో వార్త చేరిన ఊళ్లోకి పుస్తకమూ చేరాలి. ఇప్పుడు నేను సమీక్షకులకు ప్రతులు పంపేది దుకాణాలకు పంపిన తర్వాతే.

అపోహ: లోపాలు చెబితే పుస్తకానికి దెబ్బ.

దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. మన సమీక్షల్లో ఎక్కువ భాగం పుస్తకానికి రాసిన పెళ్లిపిలుపు లాంటివి. 'చేయి తిరిగిన రచయిత', 'ఆసాంతం చదివిస్తుంది', 'ప్రతి ఒక్కరూ చదవాల్సిన పుస్తకం'. చివర్లో, నిష్పాక్షికత కోసం అన్నట్టు, 'అక్కడక్కడా దొర్లిన అచ్చుతప్పులను మలి ముద్రణలో సవరించుకుంటారని ఆశిద్దాం'. మలి ముద్రణ అట! మొదటి ఐదు వందలు రచయిత మంచం కింద ఉంటే.

ప్రతి ఒక్కరూ చదవాల్సిన పుస్తకం అంటే పాఠకుడు తన కోసం కాదని అర్థం చేసుకుంటాడు. నాకు ఇది ఒక సంపుటి నేర్పింది. అందులో పన్నెండు కథలు. రెండు కథలు అద్భుతమని, మూడు తీసేయాల్సినవని, ఏ కథ ఏ పేజీలో దారి తప్పిందో చూపించి రాశాను. రచయిత ఏడాది పాటు నాతో మాట్లాడలేదు. కానీ ఆ ఏడాది పుస్తక ప్రదర్శనలో ఆ రెండు కథల పేర్లు చెప్పి అడిగి మరీ కొన్నవారిని నా కళ్లతో చూశాను. మూడు కథలు బాగాలేవని చెప్పినందుకే ఆ రెండూ బాగున్నాయన్న నా మాట నమ్మారు. పొగడ్తకు విలువ ఇచ్చేది పక్కనే ఉన్న తిరస్కారం.

అందుకని నాకు కొన్ని నియమాలు ఉన్నాయి. పుస్తకం పూర్తిగా చదవనిదే రాయను (నవ్వకండి, చదవకుండా రాసిన సమీక్షలు నాకు వారానికి ఒకటి కనబడతాయి). రచయిత మిత్రుడైతే మొదటి పేరాలోనే చెబుతాను. పుస్తకం ఎవరికి నచ్చుతుందో, ఎవరికి నచ్చదో రెండూ రాస్తాను. చివర్లో వెల, పేజీలు, ఎక్కడ దొరుకుతుందో రాస్తాను, అదీ ఫోను చేసి కనుక్కున్న తర్వాత. డబ్బు తీసుకుని రాసే సమీక్ష, రీలు ఈమధ్య ఎక్కువయ్యాయి. తీసుకోవడం తప్పనను. తీసుకున్నట్టు చెప్పకపోవడం తప్పు.

అపోహ: ఆవిష్కరణ సభ జరిగితే పుస్తకం జనంలోకి వెళ్లినట్టే.

సుందరయ్య విజ్ఞాన కేంద్రం గాని, త్యాగరాయ గానసభ గాని, రవీంద్రభారతి సమావేశ మందిరం గాని, సభ ఎక్కడైనా ముందు వరుసలో కూర్చునేవారు ఇంచుమించు వాళ్లే. లెక్క చూద్దాం. 160 పేజీల పుస్తకం, 500 ప్రతులు, వెల 200 రూపాయలు. దుకాణం కమీషన్ 40 శాతం పోతే మనకు వచ్చేది 120. ఈ మధ్య మాకు ప్రతికి అచ్చు ఖర్చు 75 దాకా పడింది. మిగులు 45. హాలు, ఫ్లెక్సీ, శాలువాలు, జ్ఞాపికలు, టిఫిను, అతిథుల ప్రయాణం కలిపి పొదుపుగా చేసినా 20,000 అయింది. ఆ డబ్బు తిరిగి రావాలంటే 445 ప్రతులు అమ్మాలి. వేదిక మీద, వేదిక కింద ఉచితంగా ఇచ్చినవి 60. అంటే మిగిలిన 440 ప్రతులూ అమ్ముడైనా సభ ఖర్చు పూర్తిగా రాదు. సభలో అమ్ముడైనవి 19.

సభ వద్దనడం లేదు. రచయితకు అదొక శుభకార్యం, తల్లిదండ్రులు ముందు వరుసలో కూర్చుంటారు, ఆ ఆనందానికి వెల కట్టలేం. దాన్ని శుభకార్యం ఖాతాలో రాయండి, ప్రచారం ఖాతాలో వద్దు. అదే డబ్బుతో నాలుగు ఊళ్లలో గ్రంథాలయంలోనో కాలేజీలోనో పదిహేను మంది ముందు రచయితను కూర్చోబెడితే మాకు ఎక్కువ పుస్తకాలు పోయాయి.

అపోహ: పెద్దవారి ముందుమాట ఉంటే చాలు.

శ్రీశ్రీ 'మహాప్రస్థానం'కు చలం 'యోగ్యతా పత్రం' రాసింది 1940లో. పుస్తకం వచ్చింది 1950లో. అంతటి ముందుమాట కూడా పదేళ్లు కాచుకుని కూర్చుంది.

అపోహ: ఐఎస్‌బీఎన్ ఉంటేనే హక్కులు.

అది పుస్తకాన్ని గుర్తుపట్టే 13 అంకెల సంఖ్య, అంతే. మన దేశంలో రాజా రామ్మోహన్ రాయ్ పేరున్న జాతీయ సంస్థ దాన్ని ఉచితంగా ఇస్తుంది. 'ప్యాకేజీ' పేరుతో దానికి వేలు కట్టిన కొత్త రచయితలు నాకు తెలుసు. కాపీరైటు రాసిన క్షణమే పుడుతుంది, రచయిత తర్వాత మరో 60 ఏళ్లు ఉంటుంది. చేయాల్సిన పని ఒకటి మాత్రం చాలామంది చేయరు. 1954 చట్టం ప్రకారం కొత్త పుస్తకం ప్రతులు కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ మరో మూడు గ్రంథాలయాలకూ పంపాలి.

అపోహ: గ్రంథాలయాలు కొంటాయి.

ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉన్నమాట నిజమే, 1960 చట్టం నాటి ఏర్పాటు. స్థానిక సంస్థలు వసూలు చేసిన ఆ డబ్బు గ్రంథాలయాలకు సరిగా చేరడం లేదన్న ఫిర్యాదు కూడా పాతదే. కొంటే సంతోషం, కొంటారని నమ్మి అదనంగా 200 ప్రతులు వేయకండి.

అపోహ: ఇక అంతా ఆన్‌లైనే.

2016 డిసెంబరులో కిండిల్ భారతీయ భాషల్లో పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు. ఆ లోటు కొంత 'కినిగె' అనే ఈ-పుస్తకాల సైటు తీర్చింది, వినేవారికి 'దాసుభాషితం' యాప్ ఉంది. విదేశాల్లో ఉన్న తెలుగువారికి ఇవి నిజంగా ఉపయోగం, ఎందుకంటే అక్కడికి అచ్చు పుస్తకం పంపితే తపాలా ఖర్చు వెలను మించిపోతుంది. అయినా మా అమ్మకాల్లో ఎక్కువ భాగం ఇప్పటికీ కాగితమే, కాగితం అంటే తపాలా.

2024 డిసెంబరు 18న తపాలా శాఖ, పుస్తకాలు చవకగా పంపుకునే రిజిస్టర్డ్ బుక్‌పోస్టును ఆపేసింది. మా బోటివారికి అది ఏ యాప్ మూతపడిన దానికన్నా పెద్ద వార్త. 2025 మే 1 నుంచి 'జ్ఞాన్ పోస్ట్' వచ్చింది. పన్నులు కాక 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోల వరకు 100. మధ్యలోని నాలుగున్నర నెలలు తపాలా ఖర్చుకు భయపడి పాఠకులకు 'రెండు పుస్తకాలు కలిపి తీసుకోండి' అని చెప్పుకుంటూ గడిపాను. ఇప్పుడు పేజీలు ఖరారు చేసేటప్పుడే పుస్తకం కవరుతో సహా 300 గ్రాములు దాటుతుందా అని చూస్తాను. కవిత్వమైతే బాధ లేదు.

రెండో పేజీలో ఆ పాత వాక్యం తీసేశాను. దాని స్థానంలో పుస్తకం నిజంగా ఉన్న దుకాణాల పేర్లు, నా ఫోను నంబరు వేస్తున్నాను. పోయిన నెల పార్వతీపురం నుంచి ఒక మాస్టారు ఫోను చేశారు.

"ఇందులో ఉన్న నంబరే కదండీ ఇది? పుస్తకం నిజంగా ఉందా, ఊరికే వేశారా?"

ఉందన్నాను. "అయితే మూడు పంపండి," అన్నారు.