‘ఇద్దరికీ మధ్యలో ఇల్లు’: అపోహలు, వాస్తవాలు

మొన్న సోమవారం ఒక్కరోజే మూడు ఫోన్లు. ముగ్గురిదీ ఒకటే మాట: "మేడమ్, ఆయన ఆఫీసు అటు, నాది ఇటు. ఇద్దరికీ మధ్యలో ఏదైనా టూ బీహెచ్‌కే చూడండి." హైదరాబాద్‌లో అద్దె ఇళ్లు చూపించడం మొదలుపెట్టి పద్నాలుగేళ్లయింది. ఈ "మధ్యలో" అన్న మాట వినని వారం లేదు. అడిగింది చూపించి కమీషన్ తీసుకుంటే నా పని అయిపోతుంది. కానీ పదకొండు నెలలు తిరక్కుండానే ఆ పార్టీయే మళ్లీ ఫోన్ చేసి "ఇల్లు మారాలండీ" అంటుంది. రెండో కమీషన్ వస్తుంది నిజమే, వాళ్ల మొహాలు చూస్తే మాత్రం తీసుకోబుద్ధి కాదు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: మధ్యలో తీసుకుంటే ఇద్దరికీ న్యాయం

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. కాబట్టి దీని గురించే ఎక్కువ చెప్తాను.

మ్యాపులో మధ్య వేరు, రోడ్డు మీద మధ్య వేరు. మన ఊళ్లో ఆఫీసులు ఎక్కువగా పడమర వైపున్నాయి. హైటెక్ సిటీ, గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్. పొద్దున ఊరంతా అటు పోతుంది, సాయంత్రం ఇటు తిరుగుతుంది. అదే పది కిలోమీటర్లు, జనం పోయే వైపు పోతే ఒక లెక్క, ఎదురు వైపు పోతే ఇంకో లెక్క. కిలోమీటర్లు చెరి సగం పంచుకున్నంత మాత్రాన టైమ్ చెరి సగం అవ్వదు. పైగా "మధ్య" అంటే మనకు తేలేవి అమీర్‌పేట, పంజాగుట్ట, ఖైరతాబాద్. ఊరందరికీ అదే మధ్య. అద్దె ఎక్కువ, అపార్ట్‌మెంట్లు పాతవి, పార్కింగ్ కోసం పక్క ఫ్లాట్ వాళ్లతో రోజూ పేచీ.

మా సంగతి చెప్తాను. 2010లో మావారు చర్లపల్లి ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. నేను మియాపూర్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో అకౌంట్స్ చూసేదాన్ని. బాబుకి రెండేళ్లు. పెద్దవాళ్లు కూర్చోబెట్టి "మధ్యలో ఉండండి, ఎవరికీ కష్టం ఉండదు" అన్నారు. బేగంపేట ప్రకాశ్‌నగర్‌లో ఒక పోర్షన్ తీసుకున్నాం. చెరో పదిహేను, పదహారు కిలోమీటర్లు. కాగితం మీద ఎంత బాగుందో! నాకు బస్సులో గంటా పది నిమిషాలు, ఆయనకు బండి మీద గంటా పావు. బాబు మా వీధి చివర బేబీ కేర్‌లో. అది ఆరింటికి మూసేస్తారు.

ఆ ఏడాది వర్షాకాలంలో ఒక రోజు కుండపోత. నా బస్సు ఎర్రగడ్డ దగ్గర ఆగిపోయింది. ఆయన బండి మెట్టుగూడ దగ్గర నీళ్లలో ఆగిపోయింది. ఇద్దరం ఒకరికొకరం ఫోన్లు చేసుకుంటున్నాం, "నువ్వెంత దూరంలో ఉన్నావ్" అని. ఇద్దరికీ ఒకటే జవాబు. నేను చేరేసరికి ఏడూ యాభై. ఆయా నిద్రపోతున్న బాబుని ఒళ్లో వేసుకుని మెట్ల మీద కూర్చుని ఉంది. ఆవిడ ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆ రాత్రి నాకు అర్థమైంది ఇదే. మధ్యలో ఇల్లు తీసుకుంటే ఇద్దరికీ సమానంగా దగ్గరవుతుందనుకుంటాం. అసలు జరిగేదేమిటంటే, ఇంటికి ఇద్దరూ దూరమే. స్కూలు నుంచి "పాపకి జ్వరం, తీసుకెళ్లండి" అని ఫోన్ వస్తే పావుగంటలో చేరేవాళ్లు ఎవరూ ఉండరు. గ్యాస్ బండ తీసుకోవడానికి ఉండరు, ప్లంబర్ వస్తే తలుపు తీయడానికి ఉండరు.

మరుసటి ఏడు మియాపూర్ మారాం. నాకు స్కూలు పది నిమిషాల నడక. ఆయన హఫీజ్‌పేట స్టేషన్ దాకా బండి మీద వెళ్లి, ఎంఎంటీఎస్ లోకల్ రైల్లో సికింద్రాబాద్, అక్కడి నుంచి ఫ్యాక్టరీ బస్సు. మొత్తం గంటా నలభై. వినగానే "అయ్యో" అన్నారు అందరూ. కానీ పొద్దున జనమంతా హైటెక్ సిటీ వైపు వస్తుంటే ఆయన ఎదురు వెళ్లేవారు, సీటు దొరికేది, కునుకు తీసేవారు. లెక్క చూడండి. ఇదివరకు ఇద్దరిదీ కలిపి రానూపోనూ రోజుకి 290 నిమిషాలు. తర్వాత 220. ఇంట్లో రోజుకి డెబ్భై నిమిషాలు మిగిలాయి, పైగా ఒకళ్లం ఎప్పుడూ దగ్గర్లో ఉన్నాం.

ఒకటి దాచకూడదు. దగ్గరున్నవాళ్ల మీదే ఇంటి పనంతా పడుతుంది. నా మీద పడింది. రెండేళ్లు పోట్లాడుకున్నాక ఆదివారం వంట, వారం సరుకులు ఆయన వాటాకి వెళ్లాయి. ఈ పంపకం అగ్రిమెంట్ మీద సంతకం పెట్టకముందే మాట్లాడుకోండి.

మరి మధ్యలో ఇల్లు ఎవరికీ పనికిరాదా అంటే, వస్తుంది. ఇద్దరి ఆఫీసులూ ఒకే మెట్రో లైను మీద చెరో చివర ఉంటే, పిల్లలు లేకపోతే, హాయిగా మధ్యలో ఉండొచ్చు. ఒకరు కూకట్‌పల్లిలో, ఒకరు ఎల్బీనగర్‌లో పనిచేస్తుంటే రెండూ రెడ్ లైనే. అలాంటివాళ్లకి నేనే మధ్యలో చూపిస్తాను.

అపోహ: ఎవరి ఆఫీసు దూరమో వాళ్లకి దగ్గరగా తీసుకోవాలి

దూరం కాదు, వారానికి ఎన్నిసార్లు పోతున్నారో చూడాలి. ఈ మధ్య ఒక జంట వచ్చారు. ఆమె దిల్‌సుఖ్‌నగర్‌లో బ్యాంకు ఉద్యోగి, ఆయన ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో సాఫ్ట్‌వేర్. ఆయన ఆఫీసుకి వారానికి మూడు రోజులు వెళ్తే చాలు. మ్యాపులో స్కేలు పెట్టి కొలిచినట్టు మెహదీపట్నం అనుకుని వచ్చారు. చెరో యాభై నిమిషాలు. మెహదీపట్నానికి మెట్రో లేదు, ఆమె కోఠి, మలక్‌పేట మీదుగా బస్సులో పోవాలి. శనివారాలు పక్కన పెట్టినా ఆమెవి ఐదు రోజులు, ఆయనవి మూడు. వారానికి 800 నిమిషాలు.

మూసారాంబాగ్‌లో ఉంటే? ఆమెకి గుమ్మం నుంచి సీటు దాకా పావుగంట. ఆయన రెడ్ లైన్‌లో అమీర్‌పేట, అక్కడ మారి బ్లూ లైన్‌లో రాయదుర్గం, ఆపైన ఆఫీసు షటిల్. గంటన్నర. మొత్తం 690 నిమిషాలు. తేడా 110 నిమిషాలేగా అని ఆయన అన్నారు. "ఆమె బ్రాంచి పదింటికి తెరవాలి సార్. మీ ఆఫీసులో పదకొండింటికి లాగిన్ అయినా అడిగేవాళ్లు లేరు. మీకు నాలుగేళ్ల పాప ఉంది" అన్నాను. ఆమె వెంటనే "ఆయనకి కష్టమేమో మేడమ్, నేను సర్దుకుంటాలెండి" అంది. ఈ మాట నేను రోజూ వింటాను, ఆడవాళ్ల నోటే వింటాను. సర్దుకునేవాళ్ల నిమిషాలు లెక్కలో వేయరు. నేను వేస్తాను.

అపోహ: ఉచిత బస్సు ఉంది కదా, ఆమెకి ఎక్కడైనా ఒకటే

ఇది భర్తలు అనే మాట. మహాలక్ష్మి పథకం 2023 డిసెంబర్ 9న మొదలైంది. సిటీలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి జీరో టికెట్. టికెట్ సున్నా, సరే. బస్సు కోసం నిలబడ్డ ఇరవై నిమిషాలు సున్నా కాదు.

అపోహ: ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన ఉంటే ఎటైనా అరగంట

158 కిలోమీటర్ల రోడ్డు, బాగానే ఉంటుంది. కానీ ఆయనకి కారు, ఆమెకి స్కూటీ ఉన్న ఇంట్లో ఆ రోడ్డు ఒక్కరికే. మెయిన్ రోడ్డు మీదికి టూ వీలర్లను రానివ్వరు, ఆమె సర్వీస్ రోడ్డులో లారీల వెనక పోవాలి. కారుకి కూడా టోల్ రానూపోనూ. పైగా ఎగ్జిట్ దిగాకే అసలు ట్రాఫిక్ మొదలవుతుంది.

అపోహ: మెట్రో పక్కన ఇల్లయితే చాలు

ఏ లైను, ఎన్నిసార్లు మారాలి, దిగాక ఎంత నడక? "మెట్రోకి ఐదు నిమిషాలు" అని టూ-లెట్ బోర్డు మీద రాసేవాళ్లు బండి మీద ఐదు నిమిషాలని చెప్పరు. రాయదుర్గం దాటాక మెట్రో లేదు. ఇక రేపు రాబోయే మెట్రోని, పూర్తికాబోయే ఫ్లైఓవర్‌ని నమ్ముకుని ఇవాళ ఇల్లు తీసుకోకండి. ఉప్పల్–నారపల్లి రోడ్డు మీద ఉండేవాళ్లని అడగండి, ఫ్లైఓవర్ స్తంభాల కింద ఎన్నేళ్లు తిరిగారో చెప్తారు.

అపోహ: ఆదివారం వెళ్లి చూశాం, ఇరవై ఐదు నిమిషాలే పట్టింది

ఆదివారం హైదరాబాద్ వేరే ఊరు. మంగళవారమో బుధవారమో ఎంచుకోండి. మీరు చూసిన ఇంటి గేటు దగ్గర పొద్దున మామూలుగా బయలుదేరే టైముకి ఇద్దరూ నిలబడి, ఎవరి ఆఫీసుకి వాళ్లు బయలుదేరండి. సాయంత్రం మళ్లీ ఆ గేటు దగ్గరికే రండి. ఒక పూట లీవు పెట్టాల్సి వచ్చినా పెట్టండి. రెండు నెలల అడ్వాన్స్, ప్యాకర్ల ఖర్చు, నా కమీషన్ కన్నా ఆ లీవు చవక. కంపెనీ బస్సు ఉంటే ఇల్లు చూడకముందే దాని రూటు చార్టు తెచ్చుకోండి. తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీలో ఉద్యోగం చేసేవాళ్లకి నేను మొదట అడిగేది "మీ బస్సు ఎక్కడ ఆగుతుంది" అనే. ఆ స్టాపుకి నడిచి వెళ్లే దూరంలో ఇల్లు దొరికితే తుర్కపల్లి ఎంత దూరమైనా పెద్ద టెన్షన్ ఉండదు.

కొనడం గురించి కూడా అడుగుతున్నారు. ఇరవై ఏళ్ల ఈఎంఐ పెట్టి "మధ్యలో" ఫ్లాట్ కొనేముందు ఆ ఏరియాలో ఒక ఏడాది అద్దెకి ఉండండి. ఉద్యోగాలు మారతాయి, ఫ్లాట్ మారదు.

ఆ బ్యాంకు జంట చివరికి మూసారాంబాగ్‌లోనే దిగారు. మంగళవారం పరీక్ష పెట్టుకుని, ఆయనే ఒప్పుకున్నారు. పాపని స్కూలు నుంచి తెచ్చేది ఆమె, పొద్దున దింపేది ఆయన. ఎనిమిది నెలలు బాగానే గడిచాయి. నిన్న రాత్రి ఆమె ఫోన్. "మేడమ్, నాకు కూకట్‌పల్లి బ్రాంచికి ట్రాన్స్‌ఫర్ వచ్చింది." వెనక నుంచి ఆయన గొంతు వినిపిస్తోంది, "ముందు బుధవారం వెళ్లి చూద్దామని చెప్పు" అంటూ. మా ఆఫీసు కూకట్‌పల్లి కేపీహెచ్‌బీలోనే. పొద్దుటి నుంచి టూ-లెట్ బోర్డులు చూస్తున్నాను.