చుక్కలు వేశాక మళ్ళీ సూది ఎందుకు?

చిన్నూ, అమ్ములూ,

చెల్లాయికి ఆరు వారాలు నిండగానే నోట్లో పోలియో చుక్కలు వేసి, అదే రోజు చేతికి పోలియో సూది కూడా వేశారని రాశారు. ఒక్క జబ్బుకి రెండెందుకని అడిగారు. ఆ ప్రశ్న నాకెంతో నచ్చింది.

పోలియో వైరస్ నోటి ద్వారా వెళ్ళి పేగుల్లో పెరుగుతుంది. కొద్దిమందిలో మాత్రం రక్తంలోకి దిగి, నరాలను పట్టి, కాళ్ళు చచ్చుబడేలా చేస్తుంది. చుక్కల్లో ఉండేది బలం తగ్గించిన బతికున్న వైరస్. అదీ పేగుల్లోనే పెరుగుతుంది కాబట్టి పేగుల లోపొరలో ఐజీఏ అనే రకం యాంటీబాడీలు, అంటే వైరస్‌ను అడ్డుకునే రక్షక పదార్థాలు, పుడతాయి. సూదిలోది చంపేసిన వైరస్. దానివల్ల రక్తంలో యాంటీబాడీలు బాగా పెరిగి నరాలను కాపాడతాయి, పేగుల్లో మాత్రం రక్షణ తక్కువ. అంటే ఒకటి వీధి గుమ్మం దగ్గర కాపలా, రెండోది ఇంటి లోపల కాపలా.

ఈ తేడా ఇజ్రాయెల్‌లో బయటపడింది. 2005 నుంచి అక్కడ సూది మాత్రమే వేసేవారు. 2013లో మురుగునీటిలో పోలియో వైరస్ కనిపించింది. ఎవరికీ కాళ్ళు పడిపోలేదు, కానీ వైరస్ పిల్లల పేగుల్లో పెరుగుతూ ఊళ్ళు తిరుగుతోంది. మళ్ళీ చుక్కలు వేయాల్సి వచ్చింది. మన దేశంలో మొరాదాబాద్‌లో, ముందే చుక్కలు పడిన పిల్లలకు సూది కూడా వేసి చూస్తే పేగుల్లో రక్షణ ఇంకా పెరిగింది. అందుకే రెండూ.

మరి చుక్కలే వేయొచ్చుగా అంటారేమో. ఆ బతికున్న వైరస్ చాలా అరుదుగా మారిపోయి మళ్ళీ బలం పుంజుకుంటుంది. పోలియో వైరస్‌లో మూడు రకాలున్నాయి. ఆ భయంతోనే 2016 ఏప్రిల్‌లో చుక్కల్లోంచి రెండో రకం వైరస్‌ను తీసేశారు. కొద్ది వారాలకే హైదరాబాద్ మురుగునీటిలో అలా మారిన రెండో రకం దొరికింది! చుక్కల్లో ఆ రకం ఇక లేదు కాబట్టి సూదే వేయాలి, కానీ అప్పటికి ప్రపంచమంతా సూదిమందుకి కొరత. అయినా జూన్‌లో, వారం రోజుల్లో, హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో దాదాపు 3 లక్షల మంది పిల్లలకు వేయగలిగారు. కండలోకి 0.5 మిల్లీలీటర్లు వేసే బదులు చర్మం పొరలోకి 0.1 మిల్లీలీటరే వేశారు. చర్మంలో డెండ్రైటిక్ కణాలు దట్టంగా ఉంటాయి. అవి మందును పట్టుకుని దగ్గర్లోని లింఫు గ్రంథులకు చేరవేస్తాయి, యాంటీబాడీల తయారీ మొదలయ్యేది అక్కడే. కండలోకి ఒక్క పూర్తి డోసు కంటే, చర్మంలోకి రెండు చిన్న డోసులే ఎక్కువ రక్షణ ఇస్తాయి. ఆ పని చేసిన ఏఎన్‌ఎమ్‌లంటే, అదే టీకాలు వేసే నర్సమ్మలంటే, నాకు ఎంత గౌరవమో!

చెల్లాయికి వేసిందీ ఆ చిన్న డోసే. పద్నాలుగో వారంలో ఒకటి, తొమ్మిది నెలలు నిండాక ఇంకొకటి ఉంటాయి. టీకా కార్డు మీద ఆ తేదీలు చూసి అమ్మకి గుర్తు చేయండి.

మీ అమ్మమ్మ